పురసవాక్కం పాత ఇంటి మిద్దె పని డైరీ: ఒకే ఇంటికి రెండు కప్పులు

పని మొదలు కాకముందు

ఇల్లు చెన్నై పురసవాక్కంలో ఉంది. రోడ్డు వైపు సగం మద్రాస్ టెర్రస్, అంటే టేకు దూలాల మీద ఇటుకా సున్నంతో కట్టిన పాతకాలపు కప్పు. వెనక సగం 1970లలో కలిపిన ఆర్‌సీసీ శ్లాబు. ముందు కప్పు 5.5 × 8 మీటర్లు, అంటే 44 చదరపు మీటర్లు. వెనకది 6.5 × 7, అంటే 45.5 చదరపు మీటర్లు, మన లెక్కలో 490 చదరపు అడుగులు. ముందు గోడలు పదమూడున్నర అంగుళాలు, వెనకవి తొమ్మిది. రెండు పక్కలా ఇళ్ళు ఆనుకునే ఉన్నాయి కాబట్టి గోడలకు తగిలే ఎండ తక్కువ. పడమటి గోడ పైభాగం మాత్రం పక్కింటి మిద్దె దాటి బయటికి ఉంది.

ఈ ఊళ్ళో పై అంతస్తుకు వేడి దిగేది ప్రధానంగా నెత్తి మీద నుంచే. చెన్నై 13 డిగ్రీల అక్షాంశంలో ఉంది. ఏప్రిల్ నాలుగో వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మధ్య నెలల్లో కాస్త ఉత్తరానికి ఒరుగుతాడు. అందుకే కర్తరి ఎండల్లో దక్షిణపు కిటికీలకు సజ్జ లేకపోయినా నడిచిపోతుంది, మిద్దెకు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరిపి ఉండదు.

ముందు లెక్క చూసుకున్నాం. వెనక కప్పు: 120 మిల్లీమీటర్ల శ్లాబు, దాని మీద 75 మిల్లీమీటర్ల ఇటుక జల్లి సున్నం కాంక్రీటు, ఆ పైన ఎర్ర పెంకు. దీని యూ-విలువ సుమారు 2.4. అంటే పైకీ కిందికీ ఒక డిగ్రీ తేడా ఉంటే చదరపు మీటరుకు 2.4 వాట్ల వేడి దిగుతుంది. పెంకు 60 డిగ్రీలకు కాలి, గది 32 దగ్గర ఉంటే చదరపు మీటరుకు 67 వాట్లు, మొత్తం కప్పుకు 3,000 వాట్లు. ఒక టన్ను ఏసీ తీసేసే వేడి 3,500 వాట్లు. కప్పు ఒక్కటే దాదాపు ఒక ఏసీని మింగేస్తోందన్నమాట. వేడి నిలవ ఉండి ఆలస్యంగా దిగే సంగతి ఈ లెక్కలో కలపలేదు, మోతాదు తెలుసుకోవడానికి ఇది చాలు.

ఇళ్ళ కోసం 2018లో వచ్చిన ఇంధన పొదుపు నియమావళి, ఎకో నివాస్ సంహిత, కప్పు యూ-విలువ 1.2కు మించకూడదంటుంది. 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ బోర్డు, అంటే వేడిని ఆపే గట్టి నురుగు ప్లాస్టిక్ పలక, వేసినా 0.8 వస్తుంది, షరతు తీరిపోతుంది. 50 వేస్తే 0.5. 75 వేస్తే 0.35. మొదటి 50 మిల్లీమీటర్లు దాదాపు 1.9 తగ్గిస్తే తర్వాతి 25 తగ్గించేది 0.15 మాత్రమే. కూలి ఎంత మందం వేసినా ఒకటే. అందుకని 50 దగ్గర ఆగాం.

ఎక్స్‌పీఎస్ ఎందుకంటే అది నీళ్ళు తాగదు. మామూలు థర్మోకోల్, అంటే ఈపీఎస్, పూసలు అతికించినట్టు ఉంటుంది. పూసల సందుల్లోకి నీరు చేరుతుంది, చేరాక వేడిని ఆపే గుణం పడిపోతుంది. రాక్‌వూల్, గ్లాస్‌వూల్ మిద్దె మీదికి పనికిరావు.

గది లోపల ఫాల్స్ సీలింగ్ వేసి దాని మీద దూది పరచమని చెప్పేవాళ్ళు చాలామంది. అలా చేస్తే శ్లాబు కాలుతూనే ఉంటుంది. రోజూ పెరిగి తగ్గి గోడతో కలిసే చోట అడ్డపగులు తెస్తూనే ఉంటుంది. కారేది కనబడదు, ఫ్యాను కిందికి దిగుతుంది. మద్రాస్ టెర్రస్ కింద అయితే ఇంకా ప్రమాదం, దూలానికి చెద పట్టినా ఎవరికీ తెలియదు. పైన వేసే వీలున్న ఇంటికి లోపల వేయడం తప్పు పని.

జనవరి: పగలగొట్టడం

ఈశాన్య రుతుపవనం తగ్గాక మొదలుపెట్టి ఎండలు ముదరకముందే కాంక్రీటు పని ముగించాలి. చెన్నైలో మిద్దె పనికి ఇదే అదను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బోర్డులు విప్పి పెట్టుకుని కూర్చోవడం కుదరదు.

వెనక కప్పు మీది ఎర్ర పెంకు, దాని కింది సున్నం కాంక్రీటు మొత్తం తీసేశాం. పాతదాని మీదే బోర్డులు పరిస్తే పోదా అంటే, బరువు ఒప్పుకోదు. సున్నం కాంక్రీటు 135 కిలోలు, పెంకూ దాని కింది గచ్చూ 60, మొత్తం చదరపు మీటరుకు దాదాపు 195 కిలోలు ఆ పాత శ్లాబు ఇన్నాళ్ళూ మోస్తోంది. కొత్తగా పెట్టేది అంతకు మించకూడదన్నది ఈ పనికి పెట్టుకున్న గీత. కొత్త లెక్క: వాటం గచ్చు సగటున 36 మిల్లీమీటర్లు, సుమారు 78 కిలోలు. బోర్డు రెండు కిలోలు కూడా లేదు. పైన 40 మిల్లీమీటర్ల కాంక్రీటు 96 కిలోలు. మొత్తం 176. తెల్ల టైల్స్ కూడా వేద్దామన్న ఆలోచన ఇక్కడే ఆగిపోయింది, టైలూ దాని కింది మాలూ కలిసి ఇంకో 45 కిలోలు పడతాయి. టైల్స్ బదులు తెల్ల పూత.

బ్రేకర్ మిషన్ పెట్టనివ్వలేదు. సమ్మెట, ఉలి మాత్రమే. పాత శ్లాబు అడుగున కమ్మీ తుప్పు పట్టి ఉంటే మిషన్ అదురుకు కింద గదిలో పెచ్చులు ఊడతాయి. రబ్బిష్ ఆరు ఘనపు మీటర్ల దాకా వచ్చింది. గట్టిగా ఉన్నప్పుడు అది దాదాపు అయిదు, విడగొడితే పొంగుతుంది. దాన్ని మిద్దె మధ్యలో కుప్ప పోస్తే శ్లాబుకు ముప్పు. కొట్టింది కొట్టినట్టు గోడల మీదికి జరిపి, ఏ రోజుది ఆ రోజే దించాలి.

పెచ్చులు తీశాక శ్లాబు మీద మూడు చోట్ల కమ్మీ కనబడింది. తుప్పు వైరు బ్రష్షుతో గీకి, జింకు ప్రైమర్ పూసి, పాలిమర్ కలిపిన 1:3 మాలుతో పూడ్చాం. కమ్మీ మందంలో అయిదో వంతు కంటే ఎక్కువ తినేసి ఉంటే పూత పని కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాల్సిందే.

ఫిబ్రవరి మొదటి సగం: వాటం, నీటి పూత

వరస గుర్తుంచుకోవాలి: శ్లాబు, వాటం, నీటిని ఆపే పూత, బోర్డు, జియోటెక్స్‌టైల్ (నీళ్ళను వడగట్టి వదిలే గుడ్డ), కాంక్రీటు. నీటి పూత బోర్డు కింద ఉంటుంది. దీన్ని తిరగేసిన కప్పు అంటారు. పూత ఎండకు మాడదు, రోజూ వేడెక్కి చల్లారి పగలదు, కాబట్టి చాలా ఏళ్ళు నిలుస్తుంది. పూత పైన ఉంటే రెండు మూడు వేసవులకే పెచ్చులు లేచేది దీని వల్లనే.

మధ్యలో గట్టు పెట్టి రెండు పక్కలకూ వాటం ఇచ్చాం. సగం వెడల్పు 3.25 మీటర్లు, వందకు ఒకటి చొప్పున 32 మిల్లీమీటర్ల దిగుడు. తూము దగ్గర మందం 20, గట్టు దగ్గర 52. రసమట్టం బద్దతో ఇంత పొడుగు వాటం తేలదు. నీళ్ళ ట్యూబుతో మట్టం తీసి, మీటరు మీటరుకూ గుర్తు దిమ్మలు పెట్టించాలి. 1:4 మాలు, సిమెంటు 13 బస్తాలు.

పిట్టగోడ అడుగున మూల మూలకూ 50 మిల్లీమీటర్ల గుండ్రటి వంపు. పూత లంబకోణంలో నిలవదు, అక్కడే చీలుతుంది. వంపు మీద ఫైబర్ మెష్ పట్టీ. రెండు భాగాలుగా వచ్చే యాక్రిలిక్ సిమెంటు పూత, రెండు చేతులు, మొదటిది నిలువు, రెండోది అడ్డం. పిట్టగోడ మీదికి 300 మిల్లీమీటర్లు ఎక్కించాం. కప్పూ గోడ అంచులూ కలిసి 54 చదరపు మీటర్లు, మీటరుకు రెండు కిలోల లెక్కన 110 కిలోలు పట్టింది. గచ్చు ఎండి ఉంటే పూత నీళ్ళన్నీ పీల్చేసుకుని పొడిలా రాలుతుంది. ముందు తడిపి, నిలిచిన నీళ్ళు తుడిచి, చెమ్మ మీదే పూయాలి.

సింటెక్స్ ట్యాంకు దిమ్మెలు, ఏసీ అవుట్‌డోర్ యూనిట్ దిమ్మెలు, పైపుల దిమ్మెలు పూతకు ముందే కట్టించాం. పూత వాటి పైకి కూడా ఎక్కాలి. పని అంతా అయ్యాక డిష్ యాంటెనా వాడొచ్చి నాలుగు బోల్టులు దింపితే ఈ పూతంతా వృథా. డిష్‌కు కూడా ఒక దిమ్మె వదిలిపెట్టండి.

తూములు మూసి 50 మిల్లీమీటర్ల నీళ్ళు 48 గంటలు నిలిపాం. కింద గదిలో ఒక మూల మాత్రం చెమ్మ మరక వచ్చింది. అనుకున్నట్టే తూము గొట్టం చుట్టూ. పాత సిమెంటు తూము తీసి పీవీసీ పెట్టేటప్పుడు గొట్టానికీ శ్లాబుకూ మధ్య మామూలు మాలు కూరారు. పీవీసీకి మాలు అంటుకోదు. గొట్టాన్ని ఉప్పుకాగితంతో గరుకు చేసి, చుట్టూ గాడి కొట్టి, కుంచించుకోని గ్రౌట్ పోసి, మళ్ళీ పూత, మళ్ళీ నీళ్ళు. ఈ పరీక్ష నెగ్గకుండా ఒక్క బోర్డు కూడా పైకి తేకూడదు.

ఫిబ్రవరి రెండో సగం: బోర్డులు

బోర్డు 1250 × 600, ఒక్కోటి ముప్పావు చదరపు మీటరు. కప్పుకు 61, తరుగుతో 64 తెప్పించాం. సాంద్రత ఘనపు మీటరుకు 32 నుంచి 36 కిలోలది, అంచులు మెట్టు కోసినవి. ఒకదాని మెట్టు మీద ఇంకోటి కూర్చుంటుంది కాబట్టి సందులోంచి వేడి నేరుగా దిగదు. కొనేటప్పుడు అంచు మీద గోరుతో నొక్కి చూడండి, పూసలు విడిపోతే అది ఎక్స్‌పీఎస్ పేరుతో అమ్ముతున్న ఈపీఎస్.

బోర్డుల్ని నీడలో ఉంచాలి. ఎండలో వదిలేస్తే పైపొర పసుపెక్కి పొడి రాలుతుంది, పలచని బోర్డు వంగుతుంది కూడా. ద్రావకం ఉన్న జిగురు, పెయింట్ థిన్నర్ తగిలితే ఆ చోట గుంట పడి కరిగిపోతుంది.

కింద అంటించలేదు. పూత మీద ఊరికే పరిచి, ఇటుక గోడలా సందులు కలవకుండా వరసలు పేర్చాం. పిట్టగోడ చుట్టూ పది మిల్లీమీటర్ల ఖాళీ. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే బోర్డు ఎగిరి పక్కింట్లో పడుతుంది, వరస పరవగానే ఇటుకలు పెట్టాలి. అకాలపు వాన వస్తే బోర్డులు తేలతాయి. ఆ రోజు కాంక్రీటు పోయగలిగినంత మేరకే పరవాలి, మిగిలిన కట్టలు విప్పకూడదు.

తూము దగ్గర రెండు మట్టాల్లో నీరు రావాలి: కాంక్రీటు పైనుంచి వచ్చేది, బోర్డుల కిందికి దిగి పూత మీద పారి వచ్చేది. తూము మీద బోర్డును చతురస్రంగా కోసి, చిల్లుల జాలీ ఉన్న పెట్టె నిలబెట్టి, చుట్టూ జల్లి నింపాం. చాలా ఇళ్ళలో ఈ పై జాలీ ఒక్కటే పెట్టి కింది దారి మూసేస్తారు. అప్పుడు బోర్డులు ఏడాది పొడుగునా నీళ్ళలో నానుతుంటాయి.

బోర్డుల మీద చదరపు మీటరుకు 150 గ్రాముల జియోటెక్స్‌టైల్, అతుకు దగ్గర ఒకదాని మీద ఒకటి 200 మిల్లీమీటర్లు. ఇది లేకపోతే కాంక్రీటు పాలు సందుల్లోకి దిగి గట్టిపడతాయి, వేడికి దారి, నీటికి అడ్డం.

మార్చి: పై కాంక్రీటు

ఎం20 రకం కాంక్రీటు, ఎనిమిది మిల్లీమీటర్ల చిప్స్, సిమెంటు 15 బస్తాలు, మధ్యలో సన్న వెల్డ్‌మెష్. మెష్‌ను నేల మీద పరిచి కాంక్రీటు పోయడం అలవాటు, కూలీలు కొక్కెంతో పైకి లాగుతామంటారు, లాగరు. కింద 15 మిల్లీమీటర్ల మాలు బిళ్ళలు పెట్టాలి.

ఇన్సులేషన్ మీద పోసిన కాంక్రీటు మామూలు దాని కంటే ఎక్కువ కాలుతుంది. వేడి కిందికి పోయే దారి లేదు కదా, అంతా ఆ 40 మిల్లీమీటర్లలోనే పెనంలా నిలుస్తుంది. 35 డిగ్రీలు పెరిగితే 6.5 మీటర్ల పలక రెండున్నర మిల్లీమీటర్లు సాగుతుంది. చోటు ఇవ్వకపోతే పిట్టగోడను బయటికి తోస్తుంది. ఈ ఊళ్ళో ఇన్సులేషన్ చేసిన మిద్దెల పిట్టగోడ అడుగున పొడుగ్గా పగులు కనబడితే ముందు అనుమానించాల్సింది దీన్నే. అందుకని పలకలు రెండు మీటర్లకు మించకుండా కోశాం, సందు పది మిల్లీమీటర్లు, పిట్టగోడ చుట్టూ 20. సందుల్లో ఫోమ్ తాడు, పైన పాలియూరిథేన్ సీలెంట్. మాలుతో సందు పూడ్చితే సందు పెట్టిన ఫలితం పోతుంది.

మేడ మెట్ల గది గుమ్మం ముందే చూసుకున్నాం. పాత మందం 107, కొత్తది తూము దగ్గర 110, గట్టు దగ్గర 142. గుమ్మానికి నీళ్ళు పొర్లకుండా కనీసం 75 మిల్లీమీటర్ల గడప మిగలాలి. మిగలకపోతే గడప ఎత్తు పెంచే పని ముందు చేయాలి.

గోనె సంచులు పరిచి పది రోజులు తడి. ఎండాకాలం మొదట్లో మధ్యాహ్నం సంచి ఒక్క గంట ఎండినా పైన జుట్టంత సన్న నెర్రెలు వస్తాయి.

ముందు కప్పు: ఇక్కడ బోర్డు వద్దు

మద్రాస్ టెర్రస్ లోపల ఏముందో తెలిస్తే వెనక చేసిందంతా ఇక్కడ ఎందుకు చేయకూడదో తెలుస్తుంది. దూలాల మీద అంగుళం మందపు చిన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలుగా సున్నంలో పేర్చి ఉంటాయి. వాటి మీద ఇటుక జల్లి సున్నం కాంక్రీటు, కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ చల్లుతూ దిమ్మిసలతో కొట్టింది. పైన పలచని పెంకు వరసలు, ఇక్కడి మేస్త్రీలు తట్టోడు అనేవి.

ఈ కప్పు చెమ్మను పీల్చి వదులుతుంది. పైన నీళ్ళు చొరని పూతో, సిమెంటు కాంక్రీటో వేసి మూసేస్తే లోపలికి చేరిన చెమ్మ కిందికే రావాలి. వచ్చేది దూలం చివరలకు, గోడలో దాగిన ఆ ఆరంగుళాలకు. టేకు కూడా అక్కడే చివుకుతుంది. పైగా దూలాలు బరువుకు కొద్దిగా వంగుతుంటాయి, బిరుసు కాంక్రీటు వాటి మీద నిలవదు.

పాత మద్రాస్ టెర్రస్ చల్లగా ఉంటుందన్న మాట సగమే నిజం. లెక్క వేస్తే దాని యూ-విలువ 2.1, ఆర్‌సీసీ కంటే పెద్ద మేలేమీ కాదు. మందం వల్ల వేడి ఆలస్యంగా దిగుతుంది, పైకప్పు పన్నెండు పద్నాలుగు అడుగుల ఎత్తులో ఉంటుంది. మధ్యాహ్నం హాయి, పడుకునే వేళకు ఉక్క.

ప్రతి దూలం రెండు చివరలూ స్క్రూడ్రైవరుతో పొడిచి చూశాం. మొన సెంటీమీటరు లోపలికి సులువుగా దిగితే అది చివికిన కర్ర. ఒక్క దూలం చివర అలా ఉంది. దానికి రెండు పక్కలా ఇనుప సీ-చానల్ బిగించి, గోడలోకి కొత్తగా రాతి ఆనుడు ఇచ్చాం. పిట్టగోడలో మొలిచిన రావి మొక్కను కోస్తే మళ్ళీ వస్తుంది. వేరుతో సహా తవ్వి, సున్నం, సుర్కీ (ఇటుక పొడి) కలిపి పూడ్చాలి.

పెంకు సందులన్నీ గీకి, ఒక పాలు గుల్లసున్నం, రెండు పాళ్ళు సుర్కీ, కరక్కాయ నీళ్ళతో కలిపి పూడ్చాం. సిమెంటు కలపమని మేస్త్రీ అడుగుతాడు, తొందరగా గట్టిపడుతుందని. వద్దు. సిమెంటు గట్టిపడి పెంకును వదిలేస్తుంది, ఆ సన్న సందులో వాన దిగుతుంది.

పైన సున్నం వెల్ల మూడు చేతులు. పది కిలోల గుల్లసున్నం రాత్రంతా నానబెట్టి, కిలోకు అయిదు లీటర్ల నీళ్ళు కలిపి, బట్టతో వడగట్టి, కాస్త బంక చేర్చాం. బూడిద రంగు గచ్చు ఎండలో మూడో వంతు కూడా వెనక్కి కొట్టదు, కొత్త తెలుపు నూటికి ఎనభై దాకా కొడుతుంది. కాకపోతే వానకు కరిగిపోతుంది. ప్రతి ఏడూ మార్చిలో మళ్ళీ వేయాల్సిందే. తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక సూత్రం కూడా ఇదే, తెలుపు ఎండను తిప్పికొడుతుంది.

వెల్ల మీద నీడ. కొబ్బరాకు పందిరి వేసిన మిద్దెంత చల్లదనం దేనికీ రాదు, కానీ నిప్పు భయం. 2004లో కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు పోయింది అలాంటి పందిరి కిందే. కాబట్టి 75 శాతం షేడ్‌నెట్, తెల్లది. కప్పులోకి ఒక్క చిల్లూ పెట్టలేదు. ఇరవై లీటర్ల పెయింటు డబ్బాల్లో జీఐ గొట్టం నిలబెట్టి కాంక్రీటు పోస్తే ఒక్కోటి 48 కిలోలు. ఎనిమిది డబ్బాలు, అన్నీ గోడల నెత్తిన, ఒక్కటీ దూలాల నడుమ కాదు. నెట్ కొక్కేలతో పట్టింది, విప్పి చుట్టేయవచ్చు. 2016 డిసెంబరు 12న వర్దా తుపాను ఊరి మీదుగా పోయినప్పుడు మిద్దెల మీద విప్పని రేకులూ నెట్‌లూ ఏమయ్యాయో చూసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

ఏప్రిల్: మిగతా చిల్లర పనులు

పై కాంక్రీటుకు 28 రోజులు నిండాక ప్రైమరు, తెల్ల కూల్‌రూఫ్ పూత రెండు చేతులు, మొత్తం 24 లీటర్లు. ముందే పూస్తే కాంక్రీటు క్షారానికి పొక్కులు వస్తాయి.

పడమటి కిటికీలకు సజ్జ పొడిగించడం దండగ. సాయంత్రపు ఎండ ఏటవాలుగా సజ్జ కిందికి దూరుతుంది. అద్దం బయట వెదురు తడిక వేలాడదీశాం. లోపలి తెర ఎంత మందమైనా వేడి అప్పటికే అద్దం దాటి వచ్చి ఉంటుంది.

ఏసీ ఉన్న గదిలో తలుపు కింద బ్రష్ పట్టీ, కిటికీ చట్రానికి ఫోమ్ పట్టీ, పైన గవాక్షానికి తలుపు. చెన్నై వేసవి గాలిలో చెమ్మ 25, 26 డిగ్రీల దగ్గరే నీరుగా మారుతుంది. ఏసీ 24లో ఉంటే ఆ గది గోడలు ఆ 25 కంటే చల్లన, సందులోంచి దూరిన బయటి గాలి గోడ మీద చెమరుస్తుంది, బూజు పడుతుంది. ఆ గదికి ప్లాస్టిక్ వాల్‌పేపర్ అంటించకండి, బూజు దాని వెనక పెరుగుతుంది. ఏసీ లేని గదుల గవాక్షాలు మాత్రం తెరిచే ఉంచాలి.

మే: కొలతలు

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు, ఎమిసివిటీ (ఉపరితలం వేడిని వెదజల్లే గుణం) 0.95కు పెట్టి, లోపలి కప్పు నడుమ, సాయంత్రం ఆరింటికి. నిరుడు మేలో వెనక గది కప్పు 41 డిగ్రీలు, ఈసారి 34, గది గాలి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువ. ముందు గదిలో తేడా ఇంత లేదు, రాత్రి తొమ్మిదింటికి 38 ఉన్నది 35కు దిగింది. ఫ్యాను వేస్తే నెత్తి మీద ఆవిరి కొట్టినట్టుండే బాధ రెండు గదుల్లోనూ పోయింది.

వెనక గదికి ఇప్పుడు ఒక కొత్త అలవాటు కావాలి. కప్పు వేడిని లోపలికి రానివ్వనట్టే బయటికీ పోనివ్వదు. పగలు కిటికీలోంచీ వంటలోంచీ చేరిన వేడి రాత్రి కప్పు గుండా పోయే దారి మూసుకుంది. సముద్రపు గాలి తిరగగానే తూర్పు కిటికీలు తెరిచి, పడమటి వైపు ఎగ్జాస్ట్ ఫ్యాను గంటసేపు తిప్పాలి. గాలి ఆలస్యమై పడమటి వేడిగాలే కొడుతున్న రోజున సాయంత్రం దాకా మూసి ఉంచడమే మేలు.

మిగిలి ఉన్నవి: మెట్ల గది పక్క రెండు సందుల్లో సీలెంట్ అంచు వదిలింది, దుమ్ము తుడవకుండా పోసిన చోటు. గీకి, ప్రైమరు పూసి మళ్ళీ పోయాలి. సెప్టెంబరు చివర నెట్ విప్పి చుట్టాలి. అప్పుడే తూము పెట్టెల జాలీ ఎత్తి, కింది మట్టంలో చేరిన ఆకులూ ఇసుకా తీసి, ఒక బక్కెట్ నీళ్ళు బోర్డు కిందికి పోసి, తూములోంచి ఎంతసేపట్లో వస్తున్నాయో చూడాలి. తెల్ల పూతను సంక్రాంతికి ఒకసారి చీపురూ నీళ్ళతో కడగాలి, సబ్బు వద్దు.